చేతులు లేని పైవస్త్రం



ఢిల్లీ సరోజినీ నగర్ బజారులో కొన్న పోంచో ఫోటో చూశాను. బేరం ఎంతకు తెగిందో మాత్రం రాయలేదు. చెప్పిన రేటులో సగానికి దించకపోతే నువ్వు మీ అమ్మ కూతురివే కాదు. అక్కడ ఎగుమతికి కుట్టగా మిగిలిన సరుకుకి లేబుల్ కత్తిరించేస్తారు కాబట్టి దాని సంగతి కత్తిరింపే చెప్పాలి. ఒకసారి నేలమీద పరిచి చూడు.

ఈ కత్తిరింపు పాతది. రోమన్లు పైనులా అనేవాళ్లు. మందపాటి ఉన్నిని సగం చందమామలా కోసి, ముందువైపు కలిపి కుట్టి, తల దూరేందుకు సందు వదిలేవాళ్లు. కొన్నిటికి వెనక టోపీ ఉండేది. చేతులకు మాత్రం దారి లేదు. బండివాళ్లకూ బాటసారులకూ వానలో అది చాలు. మన కురుమల గొంగడి పనీ అదే, కానీ దానికి కుట్టు లేదు: మడిస్తే ముసుగు, పరిస్తే పక్క. నన్నడిగితే గొంగడిదే పైచేయి.

చేతులాడకపోవడం ఒకసారి కోర్టుకూ ఎక్కింది. క్రీ.పూ. 52లో రోమ్ దగ్గరి అప్పియన్ దారిలో క్లోడియస్ అనే రాజకీయ నాయకుడి హత్య జరిగింది. నిందితుడైన అతని ప్రత్యర్థి మిలో తరఫున వకీలు సిసిరో తర్వాత రాసి ప్రచురించిన వాదన చూడు: భార్యతో బండిలో, పైనులా చుట్టుకుని పోతున్నవాడు చంపడానికి బయల్దేరినట్టా? తెలివైన ప్రశ్నే. అయినా మిలోకి ప్రవాసం తప్పలేదు. తర్వాతి కాలంలో వకీళ్లే పైనులా వేసుకుని వాదించేవాళ్లు. అందులో బిగుసుకుపోయి మాట్లాడితే వక్తృత్వం ఏం మిగులుతుందని రోమన్ రచయిత టాసిటస్ గ్రంథంలో ఒక పాత్ర విసుక్కుంటుంది.

మర్యాద మాత్రం పెరుగుతూ పోయింది. క్రీ.శ. 382లో కాన్‌స్టాంటినోపుల్ సెనేటర్లు నగరంలో సైనికుల క్లామిస్ అనే పైబట్ట మాని పైనులా వేసుకోవాలని చట్టమే వచ్చింది. క్యాథలిక్ గురువులు పూజలో అన్నిటికంటే పైన వేసుకునే చేతుల్లేని రంగు వస్త్రం దాని సంతతే. శతాబ్దాల తరబడి దాని పక్కలు తగ్గిస్తూ వచ్చారు. పూజలో గిన్నె పైకెత్తాలంటే చేతులు బయటికి రావాలి కదా.

ఈ ఆదివారం గోల్ డాక్‌ఖానా దగ్గరి సేక్రెడ్ హార్ట్ కేథడ్రల్‌కి వెళ్లి, గురువు చేతులెత్తినప్పుడు బట్ట భుజం మీద ఎలా ముడుచుకుంటుందో గమనించు. తర్వాత నీ పోంచో వేసుకుని మెట్రోలో పైన పట్టుకునే కడ్డీకి చెయ్యి చాపి చూడు. పక్కన ఎన్ని అంగుళాలు విప్పాలో అప్పుడు తేలుతుంది. విప్పిన అంచు మడిచి కుట్టడం మర్చిపోకు, లేకపోతే పోగులు ఊడతాయి.

మీ మామయ్య