ఇంటి పద్దు

పాఠ్యభాగ పరిచయం

ధనం, ఋణం, రాజకీయం – ఈ మూడింటి ప్రసక్తి రానిదే తెలుగువారి ఇంట రోజు గడవదు. వాటిని గంభీరంగా చర్చించడంకంటె హాస్యంతో ముడిపెట్టి మాట్లాడుకోవడమే మనవారికి ఇష్టం. హరిశ్చంద్రుని కథలో బాకీ వసూలుకై వెంట నడిచిన నక్షత్రకుని పేరు, విడువక వేధించే ఋణదాతకు నేటికీ పర్యాయపదంగా నిలిచింది. ‘అప్పుచేసి పప్పుకూడు’ అన్న సామెత 1959లో ఒక చలనచిత్రానికి పేరయింది. కుటుంబ జీవితంలో ఆ హాస్యానికి గల ప్రయోజనమేమిటో ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

ఫిబ్రవరి 1వ తేదీ. తెనాలిలోని ఒక మధ్యతరగతి గృహంలో ఆనాడు రెండు విశేషాలు జరిగాయి. ఉదయం పదకొండు గంటలకు లోక్‌సభలో కేంద్ర బడ్జెట్టు ప్రవేశపెట్టారు. మధ్యాహ్నానికి యజమాని జీతం బ్యాంకులో జమ అయింది. ఇంటిల్లిపాదీ ఎదురుచూసింది మాత్రం రెండవదానికే.

ప్రతినెలా ఒకటవ తేదీ రాత్రి భోజనాలయ్యాక ఇల్లాలు లెక్కల పుస్తకం తెరిచి జమాఖర్చులు చదవడం ఆ ఇంటి ఆచారం. ఇంటర్మీడియట్‌లో పౌరశాస్త్రం చదువుతున్న కుమారుడు దానికి శాసనసభ రూపం కల్పించాడు. తల్లి ఆర్థికమంత్రి. విశ్రాంత తెలుగు పండితులైన తాతగారు సభాపతి. బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్న అక్క ఆడిటరు. తాను ప్రతిపక్ష నాయకుడు.

“మరి నేనెవరినిరా?” అని అడిగింది నాయనమ్మ.

“నువ్వు ఓటరువి నాయనమ్మా!”

“అయితే అయిదేళ్లకోసారే పలకరిస్తావన్నమాట!” అన్నదామె. సభ నవ్వుతో ప్రారంభమయింది.

“అధ్యక్షా! రాజ్యాంగంలోని 112వ అధికరణం ప్రకారం కేంద్రం ఏటేటా తన రాబడి, వ్యయాల వివరణను పార్లమెంటు ముందుంచాలి. రాష్ట్రాలకు 202వ అధికరణం ఉంది. మన ఇంటికి ఏ అధికరణం ఉంది?” అన్నాడు కుమారుడు.

“ఒకటో తారీఖే మన అధికరణం. చదువమ్మా,” అన్నారు తాతగారు.

ఇల్లాలు చదివింది. యజమాని జీతం 46,000, తాతగారి పింఛను 24,000, వెరసి రాబడి 70,000 రూపాయలు. ఇక వ్యయం: ఇంటి అప్పు వాయిదా 18,000, వెచ్చాలు, పాలు, కూరలు 19,000, పిల్లల చదువులు 16,000, పెద్దల మందులు 5,000, కరెంటు, గ్యాసు, పెట్రోలు, ఫోన్లు 9,000, చీటీ 5,000, ఇతరములు 1,200. మొత్తం 73,200. లోటు 3,200 రూపాయలు.

“లోటు నూటికి నాలుగున్నర! 2003లో చేసిన ద్రవ్య బాధ్యత చట్టం మూడు శాతం చాలన్నది,” అని కుమారుడు బల్ల చరిచాడు.

“ఆ మూడు శాతం లెక్క దేశపు స్థూల ఉత్పత్తి మీద కట్టేది, రాబడి మీద కాదు. ప్రతిపక్షమైనా చదువుకొని మాట్లాడాలి,” అని అక్క సరిదిద్దింది. ఆపైన ఆమె దృష్టి ఒక అంకెమీద నిలిచింది. “అమ్మా, ఈ ‘ఇతరములు’ అంటే ఏమిటి?”

“మీ నాన్న చేతిఖర్చు. ఆయన చెప్పిన అంకె వేశాను.”

కుమార్తె పాత పుటలు తిరగవేసింది. నెలనెలా అదే 1,200. పండుగ నెలలోనూ అంతే, యజమాని పదిరోజులు జ్వరంతో మంచం దిగని నెలలోనూ అంతే. “చేతిఖర్చు ఒక నెల పెరుగుతుంది, ఒక నెల తరుగుతుంది. ముప్పై నెలలుగా మారనిది వడ్డీ ఒక్కటే,” అన్నదామె మెల్లగా.

సభలో నవ్వు ఆగిపోయింది. యజమాని తల వంచుకున్నాడు. సహోద్యోగి ఒకడు అవసరమై అరవై వేలు అప్పు తీసుకొంటే, ప్రామిసరీ నోటుమీద ఆయన హామీదారుగా సంతకం చేశాడు. ఆ మిత్రుడు బదిలీపై వెళ్లి బాకీ మరిచాడు. ఋణదాత ఈయనను పట్టుకున్నాడు. వందకు నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి నూటికి ఇరవైనాలుగు. ముప్పై నెలల్లో కట్టిన వడ్డీ 36,000. అసలు అరవై వేలూ అలాగే ఉన్నది.

“తీసుకున్నవాడు వేరొకడైతే మనవాడు కట్టడమేమిటి?” అన్నది నాయనమ్మ.

“1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అసలు ఋణగ్రస్తునికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే నాయనమ్మా,” అన్నది మనుమరాలు. “ప్రభుత్వాలలోనూ ఇటువంటిది ఉంది. కార్పొరేషన్ల పేర అప్పు తెచ్చి, తీర్చే భారం మాత్రం ఖజానామీద వేస్తారు. బడ్జెట్టు లెక్కలో అది కనబడదు. ఇటువంటి అప్పులను కూడా రాష్ట్రాల ఋణపరిమితిలో లెక్కించాలని 2022లో కేంద్రం నిర్ణయించింది. నాన్నది బడ్జెట్టు వెలుపలి అప్పు!”

ఎవరూ నవ్వలేదు. ఇల్లాలు అడిగింది: “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?”

“చెబితే నవ్వుతారని భయపడ్డాను.”

“నవ్వేవాళ్లమే. నవ్వి, ఆనాడే తీర్చేవాళ్లం.”

ఆ మాటకు యజమాని కళ్లు చెమర్చాయి. అంతలో నాయనమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. పోపులపెట్టె తెచ్చి మెంతుల అరలోంచి ఒక గుడ్డమూట తీసింది. “ప్రభుత్వానికి ఆగంతుక నిధి ఉంటుందట కదా! ఇదుగో నాది,” అంటూ విప్పింది. అందులో ఆరు అయిదువందల రూపాయల నోట్లున్నాయి. కుమారుడు ఆశగా అందుకొని చూసి గతుక్కుమన్నాడు. ఆరూ 2016 నవంబరు 8న రద్దయిన పాతనోట్లే!

“దాచానని ఎవరికైనా చెబితే మార్చమంటారని చెప్పలేదురా,” అన్నది ఆమె అమాయకంగా. ఈసారి యజమానితో సహా అందరూ నవ్వారు. తాతగారు కళ్లు తుడుచుకుంటూ అన్నారు: “కొడుకు దాచిన అప్పు పెరిగింది. తల్లి దాచిన సొమ్ము చచ్చింది. దాపరికానికి రెండువైపులా నష్టమే!”

నవ్వు తేలికపరచిన మనసులతో సభ నిర్ణయానికి వచ్చింది. కుమార్తెను విశాఖలో హాస్టలులో ఉంచి ఎం.కాం. చదివించడానికని ఇల్లాలు లక్షరూపాయల చీటీ కడుతున్నది. ఆ చీటీ పాడితే తగ్గింపు పోగా అప్పు తీరుతుంది గాని, హాస్టలుకు చాలినంత మిగలదు. అందరూ కుమార్తె వైపు చూశారు.

“పద్దు మార్చండి. గుంటూరులో చేరతాను. రోజూ రైలులో వెళ్లివస్తాను,” అన్నదామె. కొద్దిసేపు ఆగి, “కాని ఇక్కడ త్యాగమని రాయకూడదు. నాన్నకిచ్చిన అప్పని రాయాలి,” అన్నది.

ఇల్లాలు అలాగే రాసింది. బాకీ కట్టగానే నోటు వెనక్కు తీసుకోవాలని, మిత్రునినుండి ఆ సొమ్ము రాబట్టే ప్రయత్నం చేయాలని కూడా తీర్మానించారు.

చివరగా ప్రతిపక్ష నాయకుడు ఒక సవరణ ప్రతిపాదించాడు. “293వ అధికరణం ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం, కేంద్రం సమ్మతి లేనిదే కొత్త అప్పు చేయరాదు. మన ఇంట్లోనూ ఆ నియమం ఉండాలి.”

“మరి మన ఇంట్లో కేంద్రం ఎవరు?” అన్నాడు యజమాని.

ఎవరూ బదులు చెప్పలేదు. అందరి చూపులూ ఇల్లాలి వైపు తిరిగాయి.

అప్పు అవమానం కాదు. అవసరానికి అప్పుచేయని ఇల్లూ లేదు, ప్రభుత్వమూ లేదు. లెక్కను పదిమంది ముందుంచడంలోనే ఇంటికైనా రాజ్యానికైనా రక్ష ఉన్నది. తనవారు తన పొరపాటుకు నవ్వినా తనను విడువరనే నమ్మకమున్నచోట మనిషి లెక్క దాచవలసిన పనిలేదు. కుటుంబ హాస్యానికి పరమప్రయోజనం అదే.

కఠిన పదాలకు అర్థాలు

పద్దు = లెక్కలోని ఒక అంశం, ఖాతా
అధికరణం = రాజ్యాంగంలోని నియమం
వెచ్చాలు = ఇంటికి కావలసిన సరుకులు
ఆగంతుక నిధి = అనుకోని ఖర్చులకై ఉంచిన ధనం
ఋణగ్రస్తుడు = అప్పుపడినవాడు

ప్రశ్నలు

1. ‘ఇంటి పద్దు’ పాఠంలో హాస్యం నిర్వహించిన పాత్రను వివరించండి.
2. ‘ఇతరములు’ అన్న పద్దులోని రహస్యం ఎలా బయటపడింది?
3. సందర్భసహిత వ్యాఖ్య రాయండి: “నవ్వి, ఆనాడే తీర్చేవాళ్లం.”