రంగుల గంప – కరెంటు కారు

ఈ నెల మన గోడపత్రికకు సైన్సు వ్యాసం నన్ను రాయమన్నారు. పట్టణంలో తిరిగే కరెంటు కారును ఎట్ల ఆలోచించి తయారు చేసినారు అనే విషయం రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు సరిచేయవలెను.

నేను చూసిన కారు

ఐదో తరగతి సెలవుల్లో నేను మా అమ్మానాయనలతో బెంగుళూరుకు పోయినాను. మన ఆదోని, ఎమ్మిగనూరు పక్క వానలు లేకపోతే చానా మంది బెంగుళూరుకు బేల్దారి పనికి, గుంటూరు పక్కకు మిరపకాయల కోతకు పోతారు గదా. మేమూ అట్లనే పోయినాము. మేము పనిచేసే చోట పక్కింట్లో ఒక చిన్న కారు ఉండేది. గోడ నుంచి దానికి ఒక వైరు ఉంది. దొంగలు ఎత్తుకపోకుండా దూడను కట్టేసినట్లు కట్టేసినారని అనుకున్నాను. ఆ ఇంటి వాచ్‌మన్ అన్న నవ్వి, "కట్టేయలేదు పాపా, మేత పెట్టినారు. ఈ కారు కరెంటు తింటాది" అన్నాడు. దాని పేరు రేవా.

రేవా ఎట్ల పుట్టింది?

రేవాను బెంగుళూరులో తయారు చేసినవారు చేతన్ మైనీ గారు. ఆయన అమెరికాలో ఇంజనీరింగ్ చదివేటప్పుడే, సూర్యరశ్మితో నడిచే కారు తయారు చేసిన విద్యార్థుల జట్టులో పనిచేసినారు. రేవా 2001లో అమ్మకానికి వచ్చింది. 2004 నుంచి లండన్‌లో జీ-విజ్ అనే పేరుతో అమ్మినారు. ప్రపంచమంతా కలిపి నాలుగు వేలకు పైగా అమ్ముడుపోయినాయి.

దాని తయారీలో ముఖ్యాంశములు

1. పొడవు: సుమారు 2.6 మీటర్లు. మన ఊరి ఆటో అంతే. ముందర ఇద్దరు పెద్దలు, వెనక ఇద్దరు పిల్లలు కూర్చోవచ్చు. ఇరుకు వీధుల్లో తిరుగుతాది, కొంచెం చోటు ఉంటే చాలు నిలుపుతారు.

2. చట్రం: ఉక్కు గొట్టాలతో చట్రం కట్టి, పైన ప్లాస్టిక్ రేకులు బిగించినారు. మేము ఎరుకల వాళ్ళం. మా అవ్వ గంప అల్లేటప్పుడు ముందు నిలువు బద్దలు నిలబెట్టి, తర్వాత అడ్డం బద్దలు అల్లుతాది. బరువు మోసేది నిలువు బద్దలే. కారు చట్రం కూడా అట్లాంటిదే అని నాకు అర్థమైంది.

3. బ్యాటరీలు: 6 వోల్టుల సీసం బ్యాటరీలు ఎనిమిది. ఇవి చానా బరువు కావున ముందు సీట్ల కింద పెట్టినారు. బరువు కిందుగా ఉంటే బండి పడిపోదు. నెత్తి మీద గంప కంటే నడుం మీద బిందె నిలకడగా ఉంటాది గదా!

4. బ్రేకు: బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరు లెక్క పనిచేసి కొంత కరెంటును తిరిగి బ్యాటరీకి పంపుతాది.

లెక్క చేద్దాం

మనకు పని–శక్తి పాఠంలో యూనిట్ అనగా 1000 వాట్ అవర్లు అని ఉంది. బ్యాటరీలన్నీ వరుసగా కలిపితే 8 × 6 = 48 వోల్టులు. బ్యాటరీ సామర్థ్యం 200 ఆంపియర్ అవర్లు. 48 × 200 = 9600. అనగా 9.6 యూనిట్లు. ఒకసారి చార్జింగ్‌కు సుమారు 80 కిలోమీటర్లు. కావున కిలోమీటరుకు 120 వాట్ అవర్లు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. పోయి రావడానికి 60 × 120 = 7200, అంటే ఏడు యూనిట్ల పైచిల్లర. చార్జింగ్‌లో కొంత వృథా పోతాది కాబట్టి మీటరులో ఇంకొంచెం ఎక్కువ తిరుగుతాది. అయినా పోయి రావచ్చు!

నమూనా కారు అంటే ఏమిటి?

2009లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కార్ల ప్రదర్శనలో రేవా కంపెనీ రెండు కొత్త నమూనాలు చూపించింది. ఒకటి ఎన్ఎక్స్‌జీ. దాని రూపం గీసినది దిలీప్ ఛాబ్రియా గారు. రెండే సీట్లు, పైకప్పు తీసేయవచ్చు, ఒక చార్జింగ్‌కు 200 కిలోమీటర్లు అని చెప్పినారు. డబ్బున్నవాళ్ళు పట్టణంలో షోకుగా తిరిగే కారు. రెండోది ఎన్ఎక్స్ఆర్. నాలుగు సీట్లు, మామూలు కుటుంబానికి.

ఎన్ఎక్స్‌జీ అమ్మకానికి రాలేదు. 2010లో మహీంద్రా వారు రేవా కంపెనీని తీసుకున్నారు. ఎన్ఎక్స్ఆర్ మాత్రం మారి 2013లో ఈటూఓ అనే పేరుతో రోడ్డు మీదికి వచ్చింది. తర్వాత దాని తయారీ కూడా ఆగిపోయింది.

అమ్మని కారును ఎందుకు చేయాలి? నాకు ముందు అర్థం కాలేదు. మా అవ్వ సంతలో ఎర్ర, పచ్చ రంగుల బద్దలతో అల్లిన గంప ఒకటి ముందర వేలాడదీస్తాది. ఎవరైనా ధర అడిగితే "అది చూపించేది, అమ్మేది కాదు" అంటాది. దాన్ని చూసి వచ్చినోళ్ళు మామూలు చాట కొనుక్కొని పోతారు. ఆ రంగుల గంప మీద నేర్చిన కొత్త అంచును మా అవ్వ తర్వాత చాటలకూ వేస్తాది. నమూనా కారు కూడా అంతే.

నష్టములు

రేవా తేలికగా, చిన్నగా ఉండేది కావున ఢీకొంటే లోపలివారికి ప్రమాదం అని ఇంగ్లండులో విమర్శలు వచ్చినాయి. తర్వాత వచ్చిన రకంలో కొంత గట్టిపరచినారు. బద్ద పలచన చేస్తే గంప తేలిక, కానీ దాని మీద ఎవరైనా కూర్చుంటే విరుగుతాది. తేలిక, గట్టి రెండూ కలపడమే కష్టం.

మా నాయన అడిగిన ప్రశ్న

పోయిన ఆదివారం మా నాయన నన్ను చూడను వచ్చినప్పుడు ఈ లెక్క చూపించినాను. ఆయనకు చదువు రాదు. అంతా విని, "బాగుంది గానీ, దాంట్లో మన గంపలు పడతాయా అమ్మా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయినాను. మా నాయన గంపలు, చాటలు ఎమ్మిగనూరుకు తీసుకొని పోతాడు. ఒక్కోసారి బస్సులో ఎక్కించుకోరు. ఆటోకు ఇస్తే లాభం ఆటోకే పోతాది. రేవా చేసినవారు "ఆఫీసుకు పోయేవారు ఎందరు, ఎంత దూరం?" అని ముందు అడిగి, దానికి తగ్గట్టు కారు చేసినారు. అది తప్పు కాదు. గంపలు మోసేవాళ్ళ ప్రశ్న వాళ్ళ ముందు ఎవరూ పెట్టి ఉండరు. నేను పక్కన రఫ్ నోటులో మూడు చక్రాల బండి ఒకటి గీసినాను. వెనక సీటు లేదు, గంపలకు ఎత్తైన చట్రం ఉంది. దూరం 60 కిలోమీటర్లు చాలు.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. పది తర్వాత చాలు అంటారని భయంగా ఉంది. నేను పాలిసెట్ రాసి, పాలిటెక్నిక్‌లో చేరవలెనని కోరిక. ఈ సంగతి నాయనకు మేడమ్ గారు చెబితే వింటాడు.

ప్రశ్నలు (జవాబులు వచ్చే వారం)
1. బ్యాటరీలను సీట్ల కింద ఎందుకు పెట్టినారు?
2. మీ ఊరి నుంచి ఆదోనికి పోయి రావడానికి రేవాకు ఎన్ని యూనిట్లు కావలెను?
3. మీ అమ్మానాయనలు చేసే పనికి ఎట్లాంటి బండి కావాలి? బొమ్మ గీసి ఇవ్వండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి.