గృహజ్యోతి ఇంట్లో సౌండ్ బాక్స్: వైరింగ్ ఒకసారి చూసుకోండి

గృహజ్యోతి లబ్ధిదారులు గమనించగలరు. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే మీకు జీరో బిల్లు వస్తుంది. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు మీరే కట్టాలి, దాటిన యూనిట్లకు మాత్రమే కాదు. అందుకే ఒక్కోసారి ఇంట్లో గొడవ మొదలవుతుంది: "ఆ పాటల డబ్బా వల్లే బిల్లు వచ్చింది" అని.

లెక్క చూడండి. 100 వాట్లు లాగే సెట్టు 10 గంటలు మోగితే 1 యూనిట్. రోజూ రెండు గంటలు పెట్టినా నెలకు 6 యూనిట్లే. రిమోట్‌తో ఆపేసి వదిలేస్తే, సెట్టు 10 వాట్లు లాగుతున్నా నెలకు 7 యూనిట్లు పోతాయి. అంటే మోగినదానికంటే ఊరికే ఉన్నదానికే ఎక్కువ! గోడ స్విచ్ ఆపండి. ఇక తడి గోడలో వైరు పాడై 40 వాట్ల లెక్కన కరెంటు లీకైతే నెలకు దాదాపు 29 యూనిట్లు.

లీకేజీ ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపి, ఫ్రిజ్, ఇన్వర్టర్‌తో సహా ప్లగ్గులన్నీ తీసేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. మీటరు మీద ఎర్ర లైటును ఐదు నిమిషాలు గమనించండి. అప్పుడూ మిణుకుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మెయిన్ ఆపినా మిణుకుమంటే లైన్‌మన్‌కు చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం. సెట్టు పెట్టగానే బాక్సుల్లో "గుయ్య్" మని శబ్దం వస్తోందా? కొందరు ప్లగ్గుకు ఉన్న లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేస్తారు. శబ్దం తగ్గుతుంది, నిజమే. కానీ ఆంప్లిఫయర్ లోపల ఫేజు వైరు ఇనుప డబ్బాకు తగిలితే ఆ కరెంటు పోవడానికి ఇక దారి లేదు. డబ్బాను ముట్టుకున్న మనిషే దారి అవుతాడు. పిల్లలు తడి చేత్తో వాల్యూమ్ తిప్పే వస్తువు అది. దయచేసి ఈ పని చేయొద్దు. ముందు టీవీ, ఆంప్లిఫయర్ రెండింటినీ ఒకే బోర్డులో పెట్టి చూడండి, చాలాసార్లు శబ్దం అక్కడితోనే తగ్గుతుంది. లేదంటే ఎర్త్ చూపించుకోండి. లోకల్‌గా బిగించిన ఇనుప డబ్బాకు రెండు పిన్నులే ఉంటే మూడు పిన్నులది వేయించి, ఎర్త్ వైరు డబ్బాకు కలిపించండి. సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్‌కు కలిపి "అయిపోయింది" అనే మిస్త్రీని నమ్మకండి, అది ఇంకా ప్రమాదం. ఎండాకాలం ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి.

గంటసేపు మోగాక స్విచ్ ఆపి ప్లగ్గు తీసి చూడండి. వేడెక్కినా, నల్లబడినా సాకెట్ లూజయినట్టు; మార్పించండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు సెట్టు, ఇస్త్రీ పెట్టె, హీటర్ కలపొద్దు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ చుట్టొద్దు, అప్పుడు ఫ్యూజుకు బదులు గోడలో వైరు కాలుతుంది. ప్లగ్గు తీసినా ఆంప్లిఫయర్ లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మూత విప్పకండి.

చేతనైతే మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కాలి. టక్కున పడిపోతే పనిచేస్తున్నట్టు.

మీటరు తర్వాత వైరింగ్ ఇంటి యజమానిదే బాధ్యత. అద్దెకుంటే ఓనర్‌కు చెప్పండి. మీటరు వరకు ఏ లోపమున్నా 1912కు ఫోన్ చేయండి, బిల్లు మీద ఉన్న సర్వీస్ నంబరు దగ్గర పెట్టుకోండి.