జటాయువు గద్ద కాదు, రాబందు



కిందటి నెల ఐదో తరగతి ఈవీఎస్ క్లాసులో ప్రకృతికి సాయం చేసే జీవుల గురించి చెబుతున్నాను. తేనెటీగ, వానపాము, కప్ప అయ్యాక బోర్డు మీద "రాబందు" అని రాశాను. క్లాసంతా "ఛీ" అంది. ఒక పాప లేచి, "టీచర్, అది ఇంటి మీద వాలితే అరిష్టమని మా నాయనమ్మ చెప్పింది" అంది.

"సరే, జటాయువు ఏ పక్షి?" అని అడిగాను. "గద్ద!" అని అందరూ ఒకేసారి అరిచారు.

కాదు. రామాయణంలో జటాయువును గృధ్రరాజు అంటారు. గృధ్రం అంటే రాబందు. సీతమ్మ కోసం రావణుడితో పోరాడి ప్రాణం విడిచిన ఆ పక్షికి రాముడే దహన సంస్కారాలు చేశాడు. భద్రాచలం పక్కనున్న ఏటపాకను జటాయుపాక అని కూడా అంటారు. జటాయువు పడిపోయిన చోటు అదేనని స్థలపురాణం. దేవుడు కొడుకులా కర్మ చేసిన పక్షిని మనం తిట్టుగా వాడుతున్నామన్నమాట.

రాబందు చేసే పని

రాబందు వేటాడదు. చచ్చిన పశువునే తింటుంది. తల, మెడ మీద ఈకలు దాదాపు ఉండవు కాబట్టి కళేబరంలో తల పెట్టినా కుళ్లు అంటుకుపోదు. దాని కడుపులోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే ఆంత్రాక్స్ లాంటి రోగాల క్రిములు కూడా అందులో చచ్చిపోతాయి. ఒక గుంపు వాలితే ఆవు కళేబరం గంటలోపే ఎముకల గూడుగా మిగులుతుంది.

పిల్లలకు నచ్చే ఇంకో సంగతి. మన వంటగ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని అందులో ఒక ఘాటు వాసన రసాయనం కలుపుతారు. అలాంటి వాసనే కుళ్లిన మాంసం నుంచీ వస్తుంది. అమెరికాలోని టర్కీ రాబందుకు వాసన పసిగట్టే శక్తి ఎక్కువ. అందుకే అక్కడ గ్యాస్ కంపెనీల వాళ్లు ఆ పక్షులు ఎక్కడ తిరుగుతున్నాయో చూసి పైపులైన్ లీకులు కనిపెట్టేవారు. మన రాబందులు మాత్రం కంటిచూపునే నమ్ముకుంటాయి. ఒకటి కిందికి దిగితే దూరంలో ఉన్నవి దాన్ని చూసి వస్తాయి.

ఎందుకు మాయమయ్యాయి?

వీపు కింది భాగం తెల్లగా ఉండే రాబందులు ఒకప్పుడు మన దేశమంతటా కనిపించేవి. 1992 నుంచి 2007 లోపు ప్రతి 1000లో దాదాపు 999 పోయాయి. కారణం చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు: పశువులకు నొప్పి, జ్వరం తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్. ఆ మందు పడిన పశువు త్వరలోనే చనిపోతే, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. ఒక కళేబరాన్ని పదుల సంఖ్యలో తింటాయి కదా, కొద్ది పశువుల్లో మందు ఉన్నా చాలు. పైగా రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెద్దదై గుడ్డు పెట్టడానికి దాదాపు 5 ఏళ్లు పడుతుంది.

ప్రభుత్వం 2006లో పశువులకు ఈ మందును నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో ఇంజక్షన్ పరిమాణాన్ని 3 మి.లీ.కి తగ్గించింది. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లనూ పశువులకు నిషేధించింది.

మనకేం నష్టం?

రాబందు తినని కళేబరం కుక్కల పాలవుతుంది, లేదా నీళ్లలో చేరుతుంది. కుక్కలు పెరిగితే కుక్కకాట్లు, రేబిస్ భయం పెరుగుతాయి. రాబందులు పోవడం వల్ల 2000–2005 మధ్య మన దేశంలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో వెలువడిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన అంచనా వేసింది. డెల్టాలో ఉన్న మనకు ఇది దూరపు విషయం కాదు. చచ్చిన గేదెను కాలువలోకి నెట్టేయడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ కాలువ నీళ్లతోనే ఎన్నో ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండుతాయి.

ఆశ లేకపోలేదు. 2013లో తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట కొండచరియల మీద పొడవు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. ఆ ప్రాంతపు నీళ్లు ప్రాణహితలో కలిసి మన గోదారిలోకే వస్తాయి. హైదరాబాద్ నెహ్రూ జూలో రాబందుల సంతానోత్పత్తి కేంద్రం ఉంది.

మీరు చేయగలిగినవి

1. ఇంట్లో పాడి ఉంటే, ఇంజక్షన్ వేయించేటప్పుడు రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ సరిపోతుందేమో పశువుల డాక్టర్‌ను అడగండి. మెడికల్ షాపులో మనుషుల మందు కొని పశువుకు వేయించకండి.

2. పశువు చనిపోతే కాలువలో వేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్పించండి.

3. కుక్క కరిచినా, గీరినా వెంటనే చెప్పమని పిల్లలకు నేర్పండి. తిడతారనే భయంతో చాలామంది దాచేస్తారు. గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

4. సెప్టెంబర్ మొదటి శనివారం అంతర్జాతీయ రాబందుల అవగాహన దినం. ఆ వారం హోంవర్క్ ఒకటే: తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మలు రాబందును ఎక్కడ చూశారో, చివరిసారి ఎప్పుడు చూశారో అడిగి, వాళ్ల మాటల్లోనే తెలుగులో రాసి తీసుకురావాలి.

మర్నాడు ఆ పాప వచ్చి ఇలా చెప్పింది. "మా నాయనమ్మ చిన్నప్పుడు ఊరి బయట తాడిచెట్ల మీద బోలెడు ఉండేవట టీచర్. ఎప్పుడు పోయాయో తనకీ గుర్తులేదట."

మీ ఇంట్లో పెద్దవాళ్లకైనా గుర్తుందేమో అడిగి చూడండి.

— మీ ఈవీఎస్ టీచర్, ప్రైమరీ విభాగం