మాట పోయినవారికి తోడు

మెదడులోని రక్తనాళము పూడినను, చిట్లినను పక్షవాతము కలుగును. మెదడున ఎడమభాగము దెబ్బతిన్నచో కుడి చేయి, కుడి కాలు పడిపోవుటయే గాక తరచు మాటయు పోవును. తెలివి యుండును, "నీళ్లు" అనుటకు మాట దొరకదు. చూచువారు మతి చెడెననుకొందురు!

అమెరికా నటి పాట్రీషియా నీల్‌కు 1965లో ఇట్లే జరిగెను. ఇంగ్లండులోని ఆమె యింటికి ఇరుగుపొరుగువారు వంతులు వేసికొని వచ్చి చదివించిరి, మాటలాడించిరి. 1968లో ఆమె మరల వెండితెరపై కనబడెను. 1978లో నాక్స్‌విల్ నగరమున తన పేర వెలసిన చికిత్సాకేంద్రమునకు పోయి, రోగులకు ధైర్యము చెప్పుచుండెడిది.

మన చెన్నైలో మరియొక చిక్కు గలదు. వీధిలో తమిళము, ఉద్యోగమున ఇంగ్లీషు, ఇంట తెలుగు మాటలాడిన తాతగారికి ఏ భాష ముందు తిరిగివచ్చును? మిక్కిలి వాడుకలోనున్నదే ముందు వచ్చునని 1895లో పీత్ర్ అను ఫ్రెంచి వైద్యుడు వ్రాసెను. అన్నివేళల అట్లు జరుగదు. తెలుగే వచ్చినచో, తెలుగున పలుకరించువారు కావలెను గదా!

ఆ జబ్బుపడి తేరుకొన్న తెలుగువారిని మేము కోరునది ఇది: వారమునకొక గంట అట్టివారి చెంత కూర్చుండుడు. ఒక్క మాట బయటికి వచ్చుటకు ఎంతసేపు పట్టునో మీకు తెలిసినట్లు మాకు తెలియదు. పిల్లలారా, మీరును వెంట వెళ్లుడు. తాతగారు తడబడినపుడు మాట అందింపక, కొంచెము ఆగుడు.