గంగబొండం మళ్ళీ మొవ్వేసింది

కోనసీమలో పెద్దలు ఒక మాట అంటారు. పెరట్లో కొబ్బరిచెట్టు ఉంటే ఇంట్లో పెద్దకొడుకు ఉన్నట్టే అని. కాయ అమ్మితే ఉప్పుకీ పప్పుకీ డబ్బు వస్తుంది. మట్ట పొయ్యిలోకి వస్తుంది. ఆకు పందిట్లోకి, ఈనె చీపురుకి, పీచు తాడుకి పనికొస్తాయి. ఆ చెట్టులో పారేసేది ఏమీ లేదు.

అలాంటి చెట్టు పోతే ఇంటికి ఎంత నష్టమో కోనసీమ ఆడవాళ్ళకు తెలుసు. 1996 నవంబరు 6న పెద్ద తుపాను వచ్చింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. జనం మళ్ళీ మొక్కలు నాటారు. కాపు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు.

తుపాను ఒక్క రాత్రిలో చేసే పనిని లంక ఊళ్ళలో గోదావరి కొంచెం కొంచెంగా చేస్తుంది. వరద వచ్చినప్పుడల్లా ఒడ్డు కోసుకుపోతుంది. తోటలు ఏట్లో కలిసిపోతాయి.

ఈ పాఠం అలాంటి ఒక లంక ఊరి అత్తాకోడళ్ళ కథ.

మిగిలింది ఒక్క మొక్క

ఆ ఇంటి వెనక పాత గంగబొండం చెట్టు ఉండేది. గంగబొండం మన కోస్తా జిల్లాల కొబ్బరి రకం. చెట్టు పొట్టిగా ఉంటుంది. కాయ గుండ్రంగా ఉండదు. బొప్పాయిలాగా కోలగా ఉంటుంది. మామూలు పొడవు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. గంగబొండం మూడు నాలుగేళ్ళకే కాస్తుంది. నీళ్ళ బొండాలకు మంచి రకం.

అంబాజీపేటలో కొబ్బరి మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది. తూర్పు కోస్తా పొడవు రకాన్నీ, గంగబొండాన్నీ కలిపి అక్కడ గోదావరి గంగ అనే సంకర రకం తయారు చేశారు. పాత రకం ఉంది కాబట్టే కొత్త రకం వచ్చింది. అయినా గంగబొండం ప్రతి పెరట్లో కనిపించదు. తోటల్లో ఎక్కువగా పొడవు చెట్లే ఉంటాయి.

ఆగస్టు వరదలో ఆ పాత చెట్టు ఏట్లో పడిపోయింది. అత్తగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ చెట్టు ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాది నాటింది.

ఆ చెట్టు కాయతో మొలిపించిన మొక్క ఒక్కటే మిగిలింది. దానికి రెండేళ్ళు. కొబ్బరికి కొమ్మ విరిచి నాటడం ఉండదు. మామిడిలాగా అంటు కట్టడం కుదరదు. కాయ నుంచే మొక్క రావాలి. ఆ మొక్క కూడా పోతే ఆ చెట్టు వంశం పోయినట్టే.

తొందరలో జరిగిన తప్పులు

వినాయక చవితి వెళ్ళిన వారం వాళ్ళు ఏటిగట్టు లోపలికి ఇల్లు మార్చారు. సామానుతో పాటు మొక్కను కూడా తవ్వి తెచ్చారు. ఒడ్డు ఎప్పుడు విరుగుతుందో తెలియదు. అందుకని తొందర పడ్డారు.

మిట్టమధ్యాహ్నం తవ్వారు. మొదలుకు దగ్గరగా గునపం వేశారు. వేర్లు చాలా తెగాయి. మట్టిగడ్డకు గోనెపట్టా కట్టలేదు. దారిలో సగం మట్టి రాలిపోయింది. గాలికి పడకుండా ఉంటుందని కొత్త గోతిలో లోతుగా పెట్టారు. మొవ్వు దాకా మట్టి ఎగదోశారు. తొందరగా కోలుకుంటుందని గుప్పెడు యూరియా వేశారు. పొద్దున్నా సాయంత్రం బిందెలకొద్దీ నీళ్ళు పోశారు. పాదులో నీళ్ళు ఎప్పుడూ నిలిచే ఉండేవి.

దసరా నాటికి కింది మట్టలు ఎండిపోయాయి. పై మట్టలు పసుపురంగుకి తిరిగి వాలిపోయాయి.

"ఇంకెక్కడ బతుకుద్దే అమ్మాయ్! ఏరు సగం తీసుకుపోయింది. మిగతా సగం మనం చంపుకున్నాం" అంది అత్తగారు.

కోడలు ఊరుకోలేదు. ఊళ్ళో ఉద్యానశాఖ సహాయకురాలు ఉంటుంది. వెళ్ళి ఆవిడని పిలుచుకొచ్చింది.

ముందు మొవ్వు చూడాలి

ఆవిడ ఎండిన మట్టలను పట్టించుకోలేదు. నేరుగా నడిమధ్య చూసింది. అక్కడ ఇంకా విచ్చుకోని ఆకు ఈటెలా నిలబడి ఉంటుంది. దాని మొదట్లోనే మొవ్వు ఉంటుంది. ఆవిడ ఆ ఆకును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపింది. అది గట్టిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది. కుళ్ళు వాసన లేదు.

"భయపడకండమ్మా. మీ మొక్క చావలేదు. కొబ్బరికి ప్రాణం అంతా మొవ్వులోనే ఉంటుంది. వేపచెట్టు తల నరికితే పక్క నుంచి చిగురేస్తుంది. కొబ్బరికి ఒకటే మొవ్వు. అది పచ్చగా ఉంటే ఆశ ఉన్నట్టే" అంది.

"మరి ఎందుకండీ ఇలా వాడిపోయింది?" అని అడిగింది కోడలు.

"కొబ్బరికి తల్లివేరు ఉండదు. మొదలు చుట్టూ తాళ్ళలాంటి వేర్లు ఉంటాయి. వాటితోనే నీళ్ళు తాగుతుంది. మీరు తవ్వినప్పుడు అవి తెగాయి. తాగే నోళ్ళు తగ్గాయి. ఆకుల నుంచి నీరు ఎండకి ఆవిరై పోతూనే ఉంది. అందుకే వాడింది. మొదలు నుంచి కొత్త వేర్లు రావాలి. దానికి వారాలు పడుతుంది. ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటిదాకా మనం కాపాడాలి."

"యూరియా కూడా వేశామండీ."

"జ్వరం పడి లేచిన మనిషికి విందు భోజనం పెడతామా అమ్మా? గంజి పోస్తాం. వేర్లు తెగిన మొక్కకి యూరియా వేస్తే పుండు మీద కారం చల్లినట్టే. కొత్త ఆకు వచ్చేదాకా ఏ ఎరువూ వద్దు."

చేసిన పనులు

ఆ రోజే అత్తాకోడళ్ళు పని మొదలుపెట్టారు.

మొదట మొవ్వు దాకా ఉన్న మట్టిని చేతులతో తీశారు. మట్టల సందుల్లో చేరిన మట్టిని చెంబుతో నీళ్ళు పోసి కడిగారు. మట్టి ఉంటే తడి నిలుస్తుంది. తడి నిలిస్తే మొవ్వు కుళ్ళిపోతుంది.

పాదు పైన ఉన్న, యూరియా కలిసిన మట్టిని పారతో తీసేశారు. దాని బదులు మంచి ఇసుక మట్టి వేశారు. నిలిచిన నీళ్ళు పోవడానికి పక్కన చిన్న బోదె తీశారు. వేర్లకు నీళ్ళు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. నీళ్ళలో మునిగితే వేర్లు కుళ్ళుతాయి.

తర్వాత నుంచి నీళ్ళు పోసే ముందు కోడలు మట్టిలో వేలు గుచ్చి చూసేది. తడి తగిలితే పోసేది కాదు. పొడిగా ఉంటేనే పోసేది. పాదులో కొబ్బరి డొక్కలు బోర్లా పరిచింది. వాటివల్ల మట్టి తొందరగా ఆరిపోదు. మొదలుకు మాత్రం తగలకుండా జానెడు దూరం వదిలింది.

పడమటి ఎండ తగలకుండా అల్లిన కొబ్బరాకు దడి కట్టారు. తుపాన్ల కాలం కాబట్టి మూడు వెదురు కర్రలు పాతి, మెత్తని కొబ్బరి తాడుతో మొక్కను వాటికి కట్టారు. మొక్క గాలికి ఊగుతూ ఉంటే కొత్తగా పుట్టే వేర్లు తెగిపోతాయి.

పసుపురంగు మట్టలు కోసేద్దామంది అత్తగారు. సహాయకురాలు వద్దంది. పాత మట్టలో ఉన్న సత్తువను మొక్క మొవ్వుకి అందిస్తుంది. పూర్తిగా ఎండిన మట్టనే తియ్యాలి. పచ్చదనం కొంచెం ఉన్నా ఉంచాలి.

ఇంకో శత్రువు కూడా ఉంది. నీరసించిన మొక్క మీద కొమ్ము పురుగు, ఎర్ర ముక్కు పురుగు వాలతాయి. కొమ్ము పురుగు మొవ్వు తొలిచి తింటుంది. ఎర్ర ముక్కు పురుగు దెబ్బ తగిలిన చోట గుడ్లు పెడుతుంది. వేపపిండి, ఇసుక కలిపి మొవ్వు చుట్టూ ఉన్న మట్టల మొదళ్ళలో వేశారు. కొమ్ము పురుగు పెంటకుప్పల్లో పెరుగుతుంది. అందుకని గెత్తం కుప్పను మొక్కకి దూరంగా మార్చారు.

పుస్తకంలో రాసిన అంకెలు

"మొక్క బతుకుతోందో లేదో రోజూ చూస్తే తెలియదు. గుర్తు పెట్టుకుని చూడాలి" అని సహాయకురాలు ఒక ఉపాయం చెప్పింది.

ఈటె ఆకు మీదా, పక్కనున్న మట్ట మీదా ఒకే ఎత్తులో ఒక గీత గీయాలి. పాత మట్ట పెరగదు. మొవ్వు బతికి ఉంటే ఈటె ఆకు పైకి వస్తుంది. దాని మీది గీత కూడా పైకి జరుగుతుంది. రెండు గీతల మధ్య దూరమే పెరుగుదల.

కోడలు చిన్నప్పుడు బడి మానేసింది. పెళ్ళయ్యాక సాయంత్రం కేంద్రానికి వెళ్ళి చదువు నేర్చుకుంది. చదువుకుని ఏం చేస్తావని అప్పట్లో అత్తగారే అంది. ఇప్పుడు కోడలు పిల్లల పాత నోటుపుస్తకం తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

1వ రోజు: గీత గీశాం.
10వ రోజు: కదల్లేదు.
20వ రోజు: కదల్లేదు. ఇంకో మట్ట ఎండింది.

ఆ రోజు అత్తగారికి ఓపిక పోయింది. గునపం తీసుకుని వచ్చింది.

"వేర్లు ఉన్నాయో లేదో తవ్వి చూద్దాం. ఎన్నాళ్ళు ఈ ఎదురుచూపు?" అంది.

"వద్దత్తయ్యా! ఇప్పుడు తవ్వితే వచ్చిన వేరు కూడా తెగుద్ది. మొవ్వు గట్టిగానే ఉంది. వారాలు పడుద్దని ఆవిడ చెప్పింది. నేను రాసుకున్నాను, చూడండి" అని కోడలు పుస్తకం చూపించింది.

అత్తగారికి చదవడం రాదు. అయినా ఆ పేజీ వంక కాసేపు చూసింది. గునపం గోడకి చేరవేసింది.

30వ రోజు: అర అంగుళం.
40వ రోజు: 1½ అంగుళాలు.
60వ రోజు: 4 అంగుళాలు.

అర అంగుళం అని రాసిన రోజున కోడలు కేక వేసింది. ఇరుగుపొరుగు వాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

సంక్రాంతికి ఈటె ఆకు విచ్చుకుంది. దాని వెనకే ఇంకో ఆకు తల ఎత్తింది. అప్పుడు గంప చివికిన గెత్తం, కొంచెం వేపపిండి వేశారు. దడి ఒకేసారి తియ్యలేదు. రోజుకి ఒక ఆకు చొప్పున తీస్తూ మొక్కను ఎండకి అలవాటు చేశారు.

కొత్త ఆకు విచ్చుకున్న రోజున అత్తగారు కోడలి దగ్గరికి వచ్చింది.

"ఆ పెన్సిలు ఇటియ్యి. ఇవాళ్టి అంకె నేను ఏస్తాను. ఎలా ఎయ్యాలో చూపించు" అంది.

గుర్తుంచుకోండి

మొక్కను సాయంత్రం పూట తవ్వండి. చుట్టూ అడుగు వదిలి, మట్టిగడ్డతో సహా తీయండి. గడ్డకు తడి గోనెపట్టా చుట్టండి. మట్ట పట్టుకుని లాగకండి, మొయ్యకండి. కడియం నర్సరీల్లో పెద్ద చెట్లను కూడా ఇలాగే మట్టిగడ్డతో ఎత్తి దూర ప్రాంతాలకు పంపుతారు.

చిన్న మొక్కకు కింద కాయ ఉంటే విరవకండి. ఆ కాయలోని కొబ్బరే మొక్కకి తల్లిపాలు.

కొత్త గోతిలో ముందున్న లోతులోనే పెట్టండి. మొవ్వు మట్టిలో మునగకూడదు.

ఈటె ఆకు లాగగానే ఊడివచ్చి, మొదట్లో కుళ్ళు వాసన వేస్తే అది మొవ్వుకుళ్ళు. ఆలస్యం చేయకుండా ఉద్యానశాఖ వాళ్ళకు చెప్పండి. కుళ్ళిన భాగం పూర్తిగా తీసి, బోర్డో ముద్ద పూస్తారు. మొవ్వు అంతా కుళ్ళకముందే చేస్తే మొక్క దక్కవచ్చు.

ఏ మందు కొన్నా డబ్బా మీద ఉన్న రంగు చూడండి. ఎరుపు అంటే అన్నిటికంటే ఎక్కువ విషం. తర్వాత పసుపు. తర్వాత నీలం. ఆకుపచ్చ అంటే తక్కువ విషం. విషం లేదని మాత్రం కాదు. పిల్లలకు అందకుండా పెట్టండి.

చదవండి, రాయండి

మొవ్వు, మట్ట, ఈనె, డొక్క, గెత్తం, బోదె, దడి.

పై మాటలు ఒక్కొక్కటి పైకి చదవండి. ఒక్కో మాటతో ఒక వాక్యం రాయండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మొక్కను మార్చేటప్పుడు ఆ ఇంట్లో ఏయే తప్పులు జరిగాయి? లెక్కపెట్టి రాయండి.
2. వాడిన మొక్కకి ఎక్కువ నీళ్ళు, ఎక్కువ ఎరువు వేస్తే ఏమవుతుంది?
3. 20వ రోజున అత్తగారు తవ్వి ఉంటే ఏమయ్యేది?
4. మీ పెరట్లో గానీ మీ పుట్టింట్లో గానీ ఇప్పుడు అంతగా కనిపించని పాత రకం చెట్టు ఉందా? దాని పేరు, కాయ ఎలా ఉంటుందో రాయండి. ఈ ఏడాది దాని కాయతోనో గింజతోనో ఒక మొక్క మొలిపించండి. నాటిన తేదీ పుస్తకంలో వేసుకోండి.