గుంత అంచున నిలబడి

నంద్యాల

చిరంజీవి మేనల్లుడికి,

బెలుం గుహల దగ్గర మెట్ల రెయిలింగుకు వెల్డింగు, రంగులు, లోపల లైట్ల మార్పు నీ చేతికి వచ్చాయని, ఆరుగురితో వచ్చే నెల ఆళ్లగడ్డ నుంచి దిగుతున్నానని రాశావు. సేఫ్టీ బెల్టులు ఎన్ని కొనాలి మామా అని అడిగావు. అది చివర అడగాల్సిన మాట అబ్బాయ్.

కొలిమిగుండ్ల దాటి బెలుం పోతే గుహలంటే కొండ ఉంటుందనుకున్నవాడు తెల్లబోతాడు. చదునైన నేల, దాని మధ్యన బావుల్లాంటి గుంతలు. దారి నడిమి గుంతలోంచే. ఎత్తు అంటే మనం తలెత్తి చూస్తాం. అక్కడ ఎత్తు నీ చెప్పుల ముందు నుంచి కిందికి మొదలవుతుంది. పాతాళగంగ దాకా దిగితే ముఖద్వారం కంటే 46 మీటర్లు లోతున ఉంటావు, అంటే పదిహేను అంతస్తుల మేడంత. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహల సంగతి రాసిపెట్టాడు. జర్మనీ నుంచి వచ్చిన గెబౌర్ బృందం 1982, 83లో లోపలంతా తిరిగి కొలిచింది. 2002లో జనానికి తెరిచారు. గెబౌర్ పేరు ఒక హాలుకు పెట్టారు, మంచిదే. మెట్లు బిగించిన కూలీల పేర్లు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

నేను ఫోర్‌మన్‌గా ఉన్న కాలంలో ఒక ఫ్యాక్టరీలో జరిగింది చెబుతాను. పేరు వద్దులే. వాన నీళ్లు కారుతున్నాయని సిమెంటు రేకుల కప్పు మీదికి ఒక కుర్రాణ్ణి ఎక్కించాం. కొత్త బెల్టు నేనే తొడిగాను, బకిల్సు లాగి చూశాను. పైన హుక్కు తగిలించడానికి ఏముందో మాత్రం చూడలేదు. ఏమీ లేదు. వాడు బోల్టుల వరస మీద అడుగులు వేస్తూ బాగానే పోయాడు. వెనక్కి తిరిగేటప్పుడు ఒక్క అడుగు పక్కన పడింది. రేకు అప్పడంలా విరిగింది. కింద గచ్చు మీద వాడు, పక్కనే కొత్త హుక్కు, దేనికీ తగలని హుక్కు, దాని మీద గీత కూడా పడలేదు. బతికాడు, నడుము పోయింది. ఆ రోజు కాగితం మీద నేను 'బెల్టు ఇచ్చాము' అని రాశాను. అది అబద్ధం కాదు, అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

అందుకని ముందు అడగాల్సింది, అసలు మనిషి పైకి పోవాలా అని. బ్రిటన్‌లో 2005లో తెచ్చిన నిబంధనల్లో వరస ఇదే: వీలైతే ఎత్తుకు పోకుండా పని చేయి, తప్పదంటే పడకుండా అడ్డు పెట్టు, అదీ కుదరకపోతేనే పడ్డా దెబ్బ తగ్గేట్టు చూడు. 2025 దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ కూడా, పడే ప్రమాదమున్న ఎత్తులో పనికి ముందు కంచె మాటే ఎత్తింది. నీ రెయిలింగు ముక్కల్ని గుంత బయట నేల మీదే కోసి, వెల్డు చేసి, రంగు వేసి దించు. అంచున చేయాల్సింది బోల్టులు బిగించడం మాత్రమే మిగులుతుంది. నాలుగు రోజులు వేలాడే పని ఒక పూటకు తగ్గుతుంది. వెల్డింగు పొగ గుహలో చేరకుండా ఉంటుంది. జనరేటర్ ఎలాగూ లోపలికి పోనివ్వకూడదు, దాని పొగ మనిషిని నిద్రపుచ్చి చంపుతుంది.

ఇక బెల్టు లెక్క. తాడు 1.8 మీటర్లు. తాడుకున్న షాక్ అబ్జార్బర్ పూర్తిగా విచ్చుకుంటే ఇంకో 1.75 దాకా. వీపు వెనక రింగు నుంచి పాదాల దాకా ఒకటిన్నర. మిగులు ఒక మీటరు. కూడితే ఆరు దాటింది. హుక్కు వేసిన చోటి నుంచి కిందికి అంత ఖాళీ ఉండాలన్న మాట. నాలుగు మీటర్ల ఎత్తున నిలబడి నడుము దగ్గరి కమ్మీకి తగిలించినవాడు, తాడు పూర్తిగా ఆపేలోగా నేలను తాకొచ్చు. అటువంటి చోట పొట్టి తాడు కట్టు. గడ్డివామి అందకుండా దూడను గుంజకు కట్టేస్తామే, అట్లా. అంచుదాకా పోలేనివాడు పడలేడు.

దేనికి కట్టాలి? ఇది బెలుంలో పెద్ద చిక్కు. అది సున్నపురాయి. నాపరాయి బండలు తీసే మనవాళ్లను అడుగు, ఉలి పెడితే పొరలు పొరలుగా లేస్తుందంటారు. పై పొరకు బోల్టు దిగ్గొట్టి నిశ్చింతగా ఉంటే ఆ పొరే ఊడొస్తుంది. ప్రతి బోల్టునూ ఇంజనీరు చేత లాగించి చూడందే మనిషిని వేయొద్దు. రాతి ఊడల జోలికి అసలు పోవద్దు. వేల ఏళ్లుగా చుక్క చుక్క దిగి గట్టిపడినవి, నీ తాడు కోసం పుట్టలేదు. కుదిరిన చోటల్లా కింద నుంచి పరంజా లేపు, గుంజల కింద బేస్ ప్లేట్లు వేయి, ఎందుకంటే లోపల నేల తడిగా, ఏటవాలుగా ఉంటుంది. ఉక్కకు అరచేతులు చెమట పట్టి నిచ్చెన మెట్టు జారుతుంది, కళ్లద్దాలు మసకబారతాయి. గంటకోసారి మనిషిని మార్చు. లైటు 24 వోల్టులది చాలు.

బెల్టు కొంటే ఐఎస్ 3521 ముద్ర చూసి కొను, నడుముకు మాత్రమే కట్టేది వద్దు, ఒళ్లంతా పట్టేదే కొను. గుంతల అంచున రెండు మీటర్ల వెనక తాడు కంచె వేయి. పైనుంచి స్పానరు జారినా కింద యాత్రికుడి తల ఉంటుంది, కాబట్టి పనిముట్లను మణికట్టుకు కట్టమను. జనం రాని సమయంలోనే చెయ్యి. మబ్బు పట్టిన రోజు పని ఆపు, కూలి మాత్రం ఆపకు. కూలి పోతుందని భయపడేవాడు వానలోనే ఎక్కుతాడు.

ఎవరూ అడగనిది ఒకటుంది. పడినవాణ్ణి తాడు ఆపింది, గుంతలో వేలాడుతున్నాడు. తర్వాత? తొడ పట్టీల ఒత్తిడికి కాళ్లలో రక్తం నిలిచిపోయి కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. 108 వచ్చేదాకా ఆగడానికి లేదు. కప్పీ, తాడు బిగించి సిద్ధంగా ఉండాలి. ఆ తాడు పట్టే ఇద్దరెవరో ముందు రాత్రే తెలియాలి, వాళ్లు ఆ పూట ఇంకో పని ముట్టుకోకూడదు. కూలి దండగ అంటారు నీ లెక్కలు చూసేవాళ్లు. అననీ.

పని మొదలుపెట్టే ముందు రోజు 50 కిలోల సిమెంటు మూటను బెల్టుకు కట్టి, ఆ గుంతలోకి వదిలి, ఆ ఇద్దరి చేత పైకి లాగించు. ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి చెప్పు. పది దాటితే మనుషుల్ని దించకు, నేనే బస్సెక్కి వస్తాను.

మీ మామ